అడుగు చూసే చెయ్యి

ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది మిషనుది. మనుషులు మిగిలిన దాంట్లో సర్దుకున్నారు. ముందుగదికీ పడగ్గదికీ మధ్య గోడ కొట్టించి మరీ దానికి చోటు చేశారు. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఇనప చట్రం, చట్రానికి అటూ ఇటూ పొడుగాటి రోలర్లు, వాటి మధ్య పట్టాల మీద జారే మిషను. మామూలు కుట్టుమిషను దగ్గర మనిషి కూర్చుంటాడు, బట్ట కదులుతుంది. ఇక్కడ బట్ట బిగించి ఉంటుంది, మనిషే నిలబడి రెండు పిడులూ పట్టుకుని మిషన్ని బట్ట మీద నడిపిస్తాడు. దాని పేరు లాంగార్మ్. పొడుగాటి మెడ చాచుకుని ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకి అది కొంగ. దాన్ని నడిపే కోడలు వీధి వీధంతటికీ కొంగమ్మ అయిపోయింది. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత్తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకునేది.

ఆమె పని బొంతలు కుట్టడం. అతుకులేసిన పై బట్ట, దాని కింద దూది పొర, దాని కింద అడుగు బట్ట. మూడింటినీ ముడతల్లేకుండా చట్రానికి ఎక్కించి, ఒకదాన్నొకటి వదలకుండా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కుట్టు వెయ్యాలి. తీగలో అలలో ఆకులో, ఎవరేది అడిగితే అది. వినడానికి ఇంతే. కానీ ఈ పనిలో ఒక మోసం ఉంది. కుట్టే మనిషికి పై బట్ట ఒక్కటే కనిపిస్తుంది, అడుగు కనిపించదు. కింద బాబిన్ దారం బిగువు తప్పిందనుకోండి, పైన ముత్యాల్లాంటి కుట్లు పడుతూనే ఉంటాయి, అడుగున మాత్రం దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంది. ఆ సంగతి బొంత మొత్తం అయిపోయి చట్రం దిగాక బయటపడుతుంది. అప్పుడు విప్పడమంటే కుట్టినదానికి పదింతల చాకిరీ. అందుకని కొంగమ్మ వరస వరసకీ మిషను ఆపి, టార్చిలైటు పట్టుకుని నేలమీద వెల్లకిలా పడుకుని, చట్రం కిందకి దూరి చూసుకునేది.

"మెకానిక్కుని నేనా నువ్వా?" అని మొగుడు నవ్వేవాడు. అతను బస్సుల షెడ్డులో మెకానిక్కు. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ నడుములు పట్టుకుని చెరో గోడకీ చేరగిలబడేవాళ్ళు.

ఈ విద్య ఆమెకి పుట్టింటి నుంచి రాలేదు. కాపురానికొచ్చిన నాటికి సూదిలో దారం ఎక్కించడం కూడా తెలీదు. నేర్పింది అత్త. నేర్పింది అనడం మర్యాద కోసం. వేలికి పెట్టుకున్న ఇనప తొడుగుతో కణుపుల మీద మొట్టి మొట్టి ఎక్కించింది. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్తకుండ అంటారే, ఆ ఇంట్లో అది అక్షరాలా నడిచేది. అత్త కత్తెర పక్కకి పోతే బట్ట మంచిది కాదు, కోడలి కత్తెర పక్కకి పోతే కోడలే మంచిది కాదు. అయినా ఆ మొట్టికాయల్లోంచే కోడలికి చెయ్యి తిరిగింది. మూతపడ్డ ఒక పరుపుల ఫ్యాక్టరీ నుంచి పాత కొంగను దించుకొచ్చిన రోజున అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రెండు చేతులూ గుండ్రాళ్ళలా ఉండగా ఈ ఇనుమునెందుకు మేపడం?" అంది.

కోడలు తగ్గలేదు. కొన్నాళ్ళు అత్త ఆ గదిలో కాలు పెట్టలేదు. తర్వాత ఓ పొద్దున తన బట్టముక్కల మూట తెచ్చి చట్రం పక్కనే చతికిలబడింది. "అతుకులు నేనేస్తా. ఆ తిరగలి నువ్వే తిప్పుకో," అంది. అప్పట్నుంచి అతుకు అత్తది, కుట్టు కోడలిది. చేత్తో వేసినా అత్త అతుకు గీత గీసినట్టుండేది. నాలుగు ముక్కల మూలలు కలిసే చోట గోరు పెట్టి తడిమినా మిట్ట తగిలేది కాదు.

అత్తకి తన సొంత సామెత ఒకటుండేది. "చెయ్యి ఆడితేనే నోరు ఆడాలి." ఇది సరదా మాట కాదు. చంకలో పిల్లాడితో, మొగుడు పోయి, అన్నగారింటికి చేరిన కొత్తలో వంటింట్లోంచి వదిన గొంతు వినిపించిందట, "ఊరికే కూర్చుని తినేవాళ్ళకేం, ఆకలి బాగానే వేస్తుంది" అని. ఆ మాట ఎవరి గురించో, ఏ సందర్భంలోనో, వదిన తర్వాత ఎన్ని చెప్పినా ఆమె చెవికెక్కలేదు. మర్నాటి నుంచి పక్కింటివాళ్ళ బొంతలు తెచ్చి కుట్టడం మొదలుపెట్టింది. కుట్టని రోజున తినలేదు. ముసలితనం వచ్చాక కూడా, జ్వరమొచ్చి పడుకుంటే మంచినీళ్ళతో సరిపెట్టేది. కొడుకు తిట్టేవాడు, బతిమాలేవాడు. పెంకి మనిషి, వినేది కాదు. కోడలికి మొదట ఇది చాదస్తమనిపించింది. పోనుపోను ఆ మాట ఆ మనిషి ఒంట్లో ఎంత లోతుకి దిగిందో అర్థమై, వదినగారి మీద కోపం వచ్చేది. ఎన్నడూ చూడని, ఎప్పుడో పోయిన మనిషి మీద కోపం పెట్టుకుని ఏం లాభం?

ఆ తర్వాత షుగరు అత్త కళ్ళ మీద పడింది. మొదట సూది బెజ్జం కనిపించలేదు, తర్వాత సూది, తర్వాత సూది పట్టుకున్న చెయ్యి. కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, ముందే రావాల్సింది అన్నాడు. ముందే రావాల్సిందని అందరికీ వెనకే తెలుస్తుంది.

అత్త ఏడవలేదు. "వేళ్ళకి కళ్ళక్కర్లేదు. రంగులు నువ్వు సర్దివ్వు, అంచులు నేను కలుపుకుంటా," అంది. సూదులకి వరసగా దారాలెక్కించి ఓ మెత్త మీద గుచ్చి పెట్టేది కోడలు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. నెమ్మదిగా అతుకు పక్కకి జారడం మొదలైంది. నాలుగు మూలలు కలవాల్సిన చోట నాలుగూ నాలుగు దారులు పట్టేవి. ఒక ముక్క వదులు, ఒక ముక్క బిగువు. అలాంటి పై బట్టను కొంగకి ఎక్కిస్తే సమంగా పరుచుకోదు, ముడత మీద ముడత పడి సూదికి దొరికిపోతుంది. కోడలు ఓ రోజు నోరు జారి, "కొంచెం వంకర పోయినట్టుంది అత్తయ్యా," అంది. అత్త సూది మెత్తకి గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మధ్యాహ్నం కంచం ముందుకి రాలేదు. రాత్రికీ రాలేదు. మర్నాడూ అంతే.

రెండో రోజు సాయంత్రం కోడలు నవ్వు తెచ్చిపెట్టుకుని వెళ్ళింది. "మొన్న వంకరన్నానే, అది టీచరమ్మ చూసి ముచ్చటపడి పట్టుకెళ్ళింది. చేత్తో వేసినదని ఇట్టే కనిపెట్టింది. ఇంకోటి కావాలంది."

"ఏమంది? మూలలు చూసిందా?"

"చూసింది. భలే కలిశాయంది."

"కలవకేం!" అంది అత్త. తర్వాత, "ఆకలేస్తోందే," అంది.

అలా మొదలైంది అబద్ధం. టీచరమ్మ అన్న మనిషి ఉంది, నాలుగిళ్ళ అవతల, పెన్షను పుచ్చుకుని, చాదస్తంగా ప్రతి అంచూ కొలుచుకుంటూ. ఆమె ఆ అతుకుని చూడనే లేదు. అది బీరువాలో ఉంది. అత్త ఒకటి కుట్టడం, కోడలు మెచ్చుకుని పట్టుకెళ్ళడం, బీరువాలో పెట్టడం. బీరువా నిండింది. అప్పుడు కోడలు ఈ పని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు చేసింది. మంచి బట్ట పారెయ్యడం బొంతలు కుట్టేవాళ్ళకి చేతకాదు, వేలెడు పీలిక కూడా దాస్తారు. పైగా అవన్నీ అత్త ఏళ్ళ తరబడి ఏరి కూడబెట్టిన ముక్కలు. మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళ కోడలు వంటింట్లో కూర్చుని ఆ అతుకుల్ని ఒక్కొక్క కుట్టూ విప్పేది. దారప్పీచులు దులిపి, ఇస్త్రీ చేసి, దొంతర పెట్టి, కొన్నాళ్ళాగి మళ్ళీ అత్త చేతికిచ్చేది. "కొత్త ముక్కలు అత్తయ్యా" అని.

"ఒక అబద్ధానికి అతుకెయ్యడానికి ఇంకో అబద్ధం కుడుతున్నావు," అన్నాడు మొగుడు.

"మీ అమ్మ తింటోందా లేదా? ఆ సంగతి చూడండి."

తల్లి తింటోంది. మెకానిక్కులకి బండి నడుస్తోందంటే చాలు, ఎందుకు నడుస్తోందో అడగరు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఇక్కడ వేలి చివర్న తెలిసింది. ఓ పొద్దున అత్త రెండు ముక్కలు కలిపి పట్టుకుని, సూది దించకుండా ఆగిపోయింది. ముక్క అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా జరిపింది. ఇంకో ముక్క తీసుకుంది. ఇంకోటి.

"ఈ బట్ట ఇంతకుముందు ఎవరు కుట్టారే?"

"కొత్తదే అత్తయ్యా. నిన్ననే కోశాను."

"కొత్త బట్టకి బొక్కలెందుకుంటాయి? అంచంతా వరసగా ఉన్నాయి. విప్పి ఇస్త్రీ చేశావు. వేడికి బట్ట అణిగింది గానీ బొక్కలు పూడలేదు."

"పాత బట్టల కొట్లో తెచ్చా. మీకు చెప్తే బాగుండదని..."

"నేను మూల తిప్పేటప్పుడు రెండు కుట్లు వెనక్కేస్తా. మా అమ్మ నేర్పింది. నీకెంత నేర్పినా రాలేదు. ఇదిగో, మూల మూలకీ రెండేసి బొక్కలు. ఒక చోట నాలుగు. ఒక చోట ఆరు." అత్త ఆ ముక్కని ఒళ్ళో పెట్టి చేత్తో సాపు చేసింది. "ఇదే ముక్క నాచేత మూడుసార్లు కుట్టించావా?"

దొరికిపోయిన సిగ్గు ఒకటి, ఆ వేళ్ళ మీద గౌరవం ఒకటి, రెండూ ఒక్కసారే కోడల్ని పట్టుకున్నాయి. అత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ రోజు నుంచి కంచం ముట్టలేదు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి ఖాళీ కడుపుతో ఉంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. డాక్టరు అదే చెప్పాడు. కొడుకు అరిచాడు, గోడకేసి తల కొట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడు. ఆమె అతని తల నిమిరింది గానీ నోరు తెరవలేదు. "మీరు తినకపోతే నేనూ తినను," అని కోడలు కూడా మొండికేసింది. "నువ్వు పని చేస్తున్నావు. నీకేం, తిను," అంది అత్త. రోజు రోజుకీ ఆ గొంతు సన్నబడుతోంది. పళ్ళరసమో చక్కెర నీళ్ళో బలవంతాన పోస్తే సగం చీర మీదకే.

అలా ఎన్నాళ్ళో గడిస్తే కోడలికి జాలి పోయి ఒళ్ళు మండింది. మండడమే మంచిదైంది. చట్రం మీద టీచరమ్మ బొంత సగంలో ఉంది. మిషను ఆపి, విసురుగా వెళ్ళి, అత్తని రెక్క పట్టి లేపి తీసుకొచ్చి ఎత్తుపీట మీద కూర్చోబెట్టింది. ఆ చేతిని లాగి బొంత అడుగుకి పెట్టింది.

"చూడండి. ఎట్లా ఉందో చెప్పండి."

"ఇదొక కొత్త ఆటా?"

"ఆటే! రోజూ నేల మీద పడి దొర్లుతూ నేనొక్కదాన్నే ఆడుతున్నా. నడుం పడిపోయింది. అడుగు చూసే దిక్కు లేదు ఈ కొంపలో. మీకు చేతకాదంటే చెప్పండి, మళ్ళీ దూరతా."

అత్త చెయ్యి కాసేపు కదల్లేదు. తర్వాత వేళ్ళు మెల్లగా అడుగు బట్ట మీద నడిచాయి, కుట్టు వెంబడే, మలుపు దగ్గర ఆగుతూ. "ఇక్కడి దాకా బాగుంది. ఇదిగో, ఇక్కణ్ణుంచి వదులు. ఈ మలుపులో రెండు ఉచ్చులు. బాబిన్ దగ్గర పీచు పట్టుంటుంది, తీసి దులుపు."

కోడలు టార్చి వేసుకుని కిందకి దూరి చూసింది. మలుపులో రెండు ఉచ్చులు, సరిగ్గా రెండే. బాబిన్ గూడులో దూది పీచు. ఆ చట్రం కిందే పడుకుని ఆమె నవ్వింది, ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది. పైకొచ్చేసరికి అత్త అడుగుతోంది, "అన్నం ఉందా?"

ఆ తర్వాత ఆ ఇంట్లో మంచి రోజులు నడిచాయి. ఇద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వరస అయ్యాక కోడలు మిషను ఆపి, దాన్ని చట్రం ఆ చివరికి తోసేసి, "ఆగింది," అంటుంది. అత్త చెయ్యి లోపలికి పెట్టి వరసంతా తడిమి, బయటికి తీసి, "తీశాను, కానివ్వు," అంటుంది. ఆ మాట వినకుండా మీట నొక్కకూడదు. సూది ఎంత లావుంటుందో అత్తకి తెలుసు, ఎంత వేగమో కోడలికి తెలుసు. ఇద్దరూ ఆ మాటని దేవుడి మాటలా పాటించారు. కోడలి నడుం నొప్పి తగ్గింది. అడుగు కూడా పైలాగే ఉందని బేరాలు పెరిగాయి. ఎవరైనా మెచ్చుకుంటే కోడలు అత్తని చూపించేది. "ఆ చెయ్యి దాటి ఒక్క ఉచ్చు పోదండీ." అత్త మూతి బిగించుకుని, వినపడనట్టు కూర్చునేది. వినాలనే కూర్చుంటోందని అందరికీ తెలిసేది.

మొదటి చెడ్డ గుర్తు కాలిలో కనిపించింది. అత్త నడిచిన చోటల్లా నేల మీద చిన్న రక్తపు మరక. కొడుకు మడమ ఎత్తి చూస్తే గుండుసూది, తల దాకా దిగబడి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకి తెలీదు. డాక్టరు పాదాల మీద ఈకతోనూ సూదిమొనతోనూ తాకి చూసి, షుగరు నరాల్లోకి దిగింది, కాళ్ళలో స్పర్శ పోయింది, చెప్పుల్లేకుండా నడవనివ్వద్దు అన్నాడు. మెత్తటి చెప్పులు కొన్నారు. కోడలు ఇల్లంతా అయస్కాంతం పెట్టి గుండుసూదులు ఏరింది. చేతుల గురించి డాక్టరు అడగలేదు, వీళ్ళకి తట్టలేదు. అత్త చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది, తనంతట తను చెప్పలేదు.

తర్వాత గ్లాసు జారడం మొదలైంది. వేడి గ్లాసుని అలా పట్టుకునే ఉండేది. "కాలడం లేదూ?" అంటే, "వయసొచ్చాక చర్మం మొద్దుబారదటే?" అనేది. కోడలు నమ్మింది. నమ్మకపోతే నేల మీద దొర్లాలి మరి. మనిషి తనకి సుఖంగా ఉన్నదాన్నే నమ్ముతాడు.

ఓ రోజు టీచరమ్మ ఇక్కడ కుట్టించుకున్న రెండో బొంత చంకలో పెట్టుకుని వచ్చింది. దాన్ని తిరగేసి బల్ల మీద పరిచింది. అడుగున ఒక వరసంతా ఉచ్చులు.

"చూశారా? వేలు పెడితే వేలు చిక్కుకుంటోంది. డబ్బా కొట్టుకోవడం కాదు, పని చూసుకోవాలి."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, కోడలికి ఉచ్చులకన్నా ఆ మాట గుచ్చుకుంది. "ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పుడు బాగానే ఉందండీ. మా అత్తయ్య చెయ్యి పెట్టి చూసింది. మీ ఇంట్లో పిల్లి లాగిందేమో!" అంది. టీచరమ్మ అత్త వైపు చూసింది. అత్త కళ్ళు గోడ వైపున్నాయి.

"నేను చూసినప్పుడు బాగుందమ్మా," అంది అత్త.

టీచరమ్మ ఎందుకో మెత్తబడింది. బొంత మడిచి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ మధ్యాహ్నం అత్త ఎప్పుడూ తినేదానికన్నా తక్కువ తింది. ఒళ్ళు బాగోలేదేమో అనుకుంది కోడలు.

ఒక నర్సు తెల్ల బొంత అడిగింది. పైన తెలుపు, అడుగున తెలుపు, దారం తెలుపు, అతుకే లేదు. తెల్ల బొంత అంటే ఈ పనిలో పరీక్షే, దాచుకోవడానికి ఒక్క రంగు ఉండదు. కోడలు చేతులు రెండుసార్లు కడుక్కుని మరీ మొదలుపెట్టింది. మూడు వరసలయ్యాయి. "ఆగింది," అంది. అత్త చెయ్యి పెట్టి తడిమింది. "బాగుంది. తీశాను, కానివ్వు."

కోడలు మీట నొక్కి, కొత్త వరస ఆ చివర్న మొదలుపెట్టి, ఆకులు వేసుకుంటూ అత్త వైపుకి వచ్చింది. ఈ చివరికి వచ్చేసరికి టక్కున ఒక చప్పుడు. అది బట్టని కుట్టే చప్పుడు కాదు, ఎముకని తాకినట్టుంది. సూది పక్కన తెల్ల బట్ట మీద ఎర్రటి చుక్క ఒకటి పుట్టి పెద్దదవుతోంది. కోడలు మీట వదిలేసింది. వదిలేలోపే సూది ఇంకోసారి దిగింది.

"అత్తయ్యా!"

"ఏమైందే? దారం తెగిందా?" అంది అత్త.

ఆ గొంతులో నొప్పి లేదు. నిజంగానే అడుగుతోంది. తల ఒకవైపు వాల్చి, మిషను ఎందుకు ఆగిందా అని వింటోంది. ఆమె కుడిచెయ్యి బొంత కిందే ఉంది. తీశాననే అనుకుంది. చెయ్యి ఎక్కడుందో చెప్పడానికి కళ్ళు లేవు, చెప్పాల్సిన వేళ్ళూ చెప్పలేదు. సూదికి సరిగ్గా కింద, బొంత అడుగున మిషనుతో పాటే నడిచే ఇనప చెయ్యి వచ్చి ఆ వేళ్ళకి తగిలే ఉంటుంది, తోసే ఉంటుంది. ఆమెకి తెలియలేదు.

కోడలు చక్రం చేత్తో తిప్పి సూది పైకి లేపింది. చూపుడువేలు చివర, గోరు పక్కన, ఆ వైపు నుంచి ఈ వైపుకి రెండు బొక్కలు. గుడ్డ పెట్టి గట్టిగా నొక్కుతూ అరిచినట్టే ఏడ్చింది. అప్పుడు తడి మణికట్టు దాకా కారితే గానీ అత్తకి అర్థం కాలేదు. అక్కడ ఇంకా స్పర్శ ఉంది.

"నా చెయ్యా?" అంది.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"కాళ్ళు పోయినప్పుడే వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. ముందు ఉచ్చు తెలిసేది, దారం తెలిసేది కాదు. తర్వాత ఉచ్చూ తెలీలేదు."

"మరి బాగుంది బాగుందని ఎందుకన్నారు? అందరి బొంతలూ..."

"నా అతుకులు అమ్ముడుపోతున్నాయని నువ్వెందుకన్నావు?"

కోడలు వేలికి కట్టు కట్టింది. తర్వాత ఎన్నాళ్ళుగానో ముట్టని టార్చిలైటు వెతికి తీసి, నేల మీద పడుకుని చట్రం కిందకి దూరింది. తెల్ల బట్ట అడుగున మొదటి వరస నుంచీ ఉచ్చులే. అత్త పైనుంచి అడిగింది, "ఎట్లా ఉంది?" ఒకప్పుడైతే బాగుందనేసేది. ఒకసారి అబద్ధం చెప్పి చేసింది చాలు అనుకుంది.

"ఉచ్చులే అత్తయ్యా. మొత్తం."

"ఆఁ," అంది అత్త. అంతే.

మొగుడు వచ్చాడు, చూశాడు, తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, తీసుకొచ్చాడు. ఇవాళ్టి నుంచి మిషను గదిలోకి అమ్మ రాకూడదు అన్నది ఒక్కటే మాట. అత్త తలూపింది.

కోడలు కంచంలో అన్నం పెట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళింది. దారిపొడుగునా మాటలు కూడగట్టుకుంది. ఈసారి ఎన్నాళ్ళు పస్తుంటుందో, ఏం చెప్పి తినిపించాలో, ఏ తిట్టు తిడితే పౌరుషం వస్తుందో. కొత్త పనేదైనా కల్పించాలి. దూది ఏరడానికి కూడా వేళ్ళు కావాలి. ఏదీ తోచలేదు. పోయినసారి కోపం పనిచేసింది, ఇప్పుడు కోపం కూడా రావడం లేదు. ఎదురుగా కూర్చుని, కంచం ఆమె ఒళ్ళో పెట్టబోయింది.

"ఒళ్ళో పెడితే ఎలా తింటా? కట్టు కట్టావుగా," అంది అత్త. "నువ్వే పెట్టు."

కోడలు నమ్మలేకపోయింది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. అత్త తింది. నమిలి, మింగి, మళ్ళీ నోరు తెరిచింది. రెండో ముద్ద. మూడోది. వద్దనలేదు, చాలనలేదు. కట్టు కట్టిన చెయ్యీ కట్టులేని చెయ్యీ రెండూ ఒళ్ళో పడేసి ఉన్నాయి.

"ఊరికే తిన్న ముద్ద గొంతు దిగదనుకున్నానే, ఇన్నాళ్ళూ," అంది మధ్యలో. "దిగుతోంది. ఏం తేడా లేదు. దీనికా నేనంత భయపడ్డాను?"

ఆ మాట మామూలుగానే అంది, ఉప్పు సరిపోయిందన్నట్టు. గుమ్మంలో నిలబడ్డ కొడుకు మొహం తిప్పుకున్నాడు. కోడలు ముద్ద కలపబోతే కంచం కనిపించలేదు, కళ్ళు నిండిపోయాయి. ఈ మనిషి పని అడక్కుండా రెండు పూటలా ఇంత తింటే చాలని తను ఎన్ని అబద్ధాలాడిందో, ఎన్ని కుట్లు విప్పిందో. కోరుకున్నది జరిగింది. తింటోంది. ఇక రేపూ తింటుంది, ఎల్లుండీ తింటుంది, పెట్టినంతా తింటుంది. ఒక్కసారి, ఒక్కసారి అత్త ఈ చేతిని విసిరికొడితే బాగుండునని కోడలికి ప్రాణం కొట్టుకుపోయింది. ముద్ద కలిపి చెయ్యి చాపింది, కావాలనే ఆలస్యం చేస్తూ.

అత్త నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది.